ఒంటి తుమ్ము కేసు

...కాబట్టి ఇల్లెందు నుంచి భద్రాచలం దాకా నా అంతటి అపరాధ పరిశోధకుడు మరొకడు లేడన్న నిర్ణయానికి ఆ ఉదయం పళ్ళు తోముకుంటూనే వచ్చేశాను. ఇక తేలవలసింది ఒక్కటే: బ్రష్షు మీద వేసుకున్నది టూత్‌పేస్టా, షేవింగ్ క్రీమా? రుచిని బట్టి రెండోదని ఊహించాను. ఊహ నిజమైంది. ఇలా ఒక రహస్యాన్ని ఛేదించినప్పుడల్లా నాకు కలిగే ఆనందం ఇతరులతో పంచుకోదగ్గది కాదు. పంచుకోవడానికి ఇతరులెవరూ లేరు కూడా.

నా పేరు చందర్. ఇల్లెందులో బొగ్గు గని ఆఫీసులో హాజరు గుమాస్తాను. కాపురం కారేపల్లిలో, స్టేషన్‌కు దూరంగా ఊరి చివరి సందులో, రెండు వాటాల పెంకుటింట్లో. కాపురమంటే నేనూ, నా అంతరాత్మా. మా ఇద్దరికీ పెద్దగా పడదు. దూరవిద్యలో మనస్తత్వశాస్త్రం ఎమ్మే చేశాను. ఆ పుస్తకాలన్నీ చదివితే ఎదుటివాళ్ళ మనసు అద్దంలా కనిపిస్తుందనుకున్నాను. నిజంగానే అద్దంలా ఉంది. ఎవరి మనసులోకి తొంగి చూసినా నా మొహమే కనిపించేది. దానితో విసిగి, ఆ విద్యను నేర పరిశోధన వైపు మళ్ళించాను. నా విజయాల్లో చెప్పుకోదగ్గది ఆఫీసులో మాయమైన టిఫిను డబ్బా కేసు. నేను దొంగ చిన్ననాటి మనోగాయాలను లెక్కకడుతుండగా, కోతి ఆ డబ్బాను ఖాళీ చేసి కిటికీలోంచి నా బల్ల మీదికే విసిరింది. కేసు తేలింది. కోతి మనోగాయాల సంగతే తేలలేదు.

నోరు పుక్కిలించబోతుంటే గోడ అవతలి నుంచి ఒక తుమ్ము వినిపించింది. ఆ వెంటనే కేక.

"అమ్మా! మళ్ల ఆగిపోయింది!"

నేరం జరిగిన చోటికి మొదట చేరేవాడే సగం గెలిచినట్టు. పరుగెత్తాను.

అవతలి వాటాలో ఉండేది సైదమ్మ, ఆమె కూతురు భాను. సైదమ్మ భర్త మణుగూరులో పని చేస్తూ సెలవులకి వచ్చి పోతుంటాడు. మిరప కాలంలో సైదమ్మ ఇంటి దగ్గరే తొడిమలు తీసే పని పెట్టుకుంటుంది. వ్యాపారి పంపిన ఎండు మిరపకాయల బస్తాలు ఆటోలో వస్తాయి. తొడిమలు తుంచిన కాయలు అదే ఆటోలో వెళ్ళిపోతాయి. ఆ రెండు నెలలూ వాకిలీ, వసారా, ముందుగదీ ఎర్రగా ఉంటాయి. ఊరంతా తిరిగే కోతులు కూడా మా సందు మొగలో ఆగి, ఒకసారి గాలి పీల్చి, వెనక్కి తిరుగుతాయి.

నేను గుమ్మంలో నిలబడగానే సైదమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏంది సారూ, ఫిట్స్ వచ్చినయా? నోట్లెకెల్లి నురుగొస్తాంది!"

"షేవింగ్ క్రీమ్. నేనే కనిపెట్టాను," అన్నాను హుందాగా. "ఇక్కడ ఏం జరిగింది?"

భాను ల్యాప్‌టాప్ ముందు తల పట్టుకుని కూర్చుంది. హైదరాబాదులో చదివే మేనమామ కొడుకు కొత్తది కొనుక్కుని ఈ పాతది ఆమెకు ఇచ్చాడు. ఓ మూల పగిలింది. ఒక మీట ఊడిపోయి, దాని స్థానంలో చిన్న గుంట మిగిలింది. తెరవగానే అది ముందు మందగించేది. తెర మీది బాణం బురదలో దిగిన ఎద్దులా కదిలేది. తర్వాత కడుపులోని ఫ్యాను పిండిమరలా మోగేది. ఆ మోత పతాక స్థాయికి చేరగానే, చెప్పా పెట్టకుండా తెర నల్లబడేది.

"తుమ్మితె ఆగుతది సారూ," అంది సైదమ్మ.

"ఏమిటి?"

"భాను తుమ్ముతది, అది ఆగుతది. అన్నీ ఒంటి తుమ్ములే. రెండు తుమ్మితె జంట తుమ్ములు, మంచిదే. ఒంటి తుమ్ముకు పని మొదలువెట్టరాదు. లేసి, గడియసేపు కూసోని, మంచినీళ్లు తాగి, మళ్ల పెడ్తె నడుస్తది."

నేను జాలిగా నవ్వాను. "నీళ్ళు తాగితే కంప్యూటరు నడుస్తుందా?"

"నడుస్తది అంకుల్," అంది భాను ఏడుపు గొంతుతో. "గదే నాకు మండుతాంది. ప్రతిసారి అమ్మ చెప్పినట్టే అయితాంది."

నన్ను గాయపరిచినవి రెండు. ఒకటి, ఒక శకునం శాస్త్రంలా పనిచేయడం. రెండు, 'అంకుల్' అన్న మాట. రెండో గాయాన్ని లోపలికి తోసేసి మొదటి దాని మీద దృష్టి పెట్టాను. ఇలా తోసేయడాన్నే మా శాస్త్రంలో అణచివేత అంటారు. నాకు దానిలో మంచి మార్కులు వచ్చాయి.

సంగతి నిజంగా గంభీరమైనదే. భాను రెండేళ్ళుగా ఖమ్మంలో బట్టల దుకాణంలో పనిచేస్తోంది. పొద్దున రైలెక్కితే రాత్రికి వస్తుంది. అక్కడ అమ్మాయిలు కూర్చోకూడదు. గిరాకీ లేకపోయినా నిలబడే ఉండాలి. ఇంటికొచ్చాక ఆమె పాదాలను బకెట్లో వేడినీళ్ళలో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చోవడం నేను కిటికీలోంచి చూశాను. ఇప్పుడు ఒక కంపెనీ ఇంటి దగ్గరే కూర్చుని చేసే పని ఇస్తానంది. కుర్చీలో కూర్చుని, కస్టమర్లు అడిగినవాటికి జవాబులు రాయాలి. దానికి సోమవారం పరీక్ష. సొంత కంప్యూటర్లోనే, కెమెరా పెట్టుకుని రాయాలి. మధ్యలో కంప్యూటరు ఆగిపోతే పరీక్ష పోయినట్టే, రెండోసారి రాయనివ్వరు. పరీక్షకు సిద్ధం కావడానికి ఆమె సెలవు పెట్టింది. దుకాణం యజమాని కూడా సోమవారం దాకే ఆగుతానన్నాడట.

"గా రోజు తుమ్ము రాకుంట మొక్కుకుంటాన," అంది సైదమ్మ.

"మొక్కులు అక్కర్లేదు. ఈ కేసు నేను తీసుకుంటున్నాను," అన్నాను. "భానూ, ఇది ప్రమాదం కాదు. దీని వెనక ఒక మనసు ఉంది."

"మనసెందుకుంటది అంకుల్, లోపట బ్యాటరీ ఉంటది."

"టీ తాగుతవా సారూ?" అంది సైదమ్మ.

తాగాను. పక్కింట్లో మూడేళ్ళుగా ఉంటున్నా, ఆ ఇంట్లో నేను తాగిన మొదటి టీ అది. ఈ వివరానికి ఆ రోజు నేను ప్రాముఖ్యం ఇవ్వలేదు.

మరుసటి రోజు నుంచి ఆఫీసు వేళయ్యాక దర్యాప్తు మొదలుపెట్టాను. నా మొదటి సిద్ధాంతం, ఈ యంత్రం జ్ఞాపకాల బరువు మోయలేక సొమ్మసిల్లుతోందని. మనిషైతే పడుకోబెట్టి మాట్లాడించవచ్చు. దీన్నీ పడుకోబెట్టే ఉంది, కానీ మాట్లాడటం లేదు. అందువల్ల నేనే జ్ఞాపకాలు తుడిచేయడం మొదలుపెట్టాను.

"అంకుల్! గది నా రెజ్యూమె!"

"బాధాకరమైన జ్ఞాపకమేమో అనుకున్నాను."

"బాధనే, కని కావాలె!"

చెత్తబుట్టలోంచి దాన్ని వెనక్కి తెచ్చుకుంది. తర్వాత, పాత కంప్యూటర్లకు యవ్వనం తెప్పిస్తామనే ప్రోగ్రాములు మూడు వెతికి వేశాను. వాటిలో ప్రతి ఒక్కటీ మిగతా రెండింటినీ శత్రువులుగా గుర్తించి, తెరంతా ఎర్రటి హెచ్చరికలతో నింపింది. మూడూ లోపల కొట్టుకుంటుంటే, యంత్రం లేచేలోపు సైదమ్మ అన్నం వార్చి, కూర తాలింపు కూడా పెట్టేసింది.

"ఇంతకు ముందు జెర జల్దీనే లేస్తుండె," అంది భాను, మర్యాదగా గోడ వైపు చూస్తూ.

"వ్యాధి బయటపడే ముందు ముదురుతుంది. మంచి సూచన." టీ గ్లాసు అందుకున్నాను.

రెండో సిద్ధాంతం తేమ. అడవి గాలి కదా, లోపల చెమ్మ చేరి ఉంటుందని, తడిసిన ఫోన్లను జనం బియ్యంలో దాస్తారన్న సంగతి గుర్తొచ్చి, ల్యాప్‌టాప్‌ను ఎవరూ చూడకుండా బియ్యం డ్రమ్ములో పూడ్చిపెట్టాను. చూడకుండా ఎందుకంటే, డిటెక్టివ్ తన పద్ధతులను ముందే వెల్లడించడు. ఫలితంగా భాను గంటసేపు ల్యాప్‌టాప్ పోయిందని ఏడ్చింది. సైదమ్మ సందంతా తిరిగి దొంగను తిట్టింది. ఆ తిట్లలో దొంగ వంశవృక్షం దాదాపు మొత్తం వచ్చింది. నేనే దొంగనని ఆ సమయంలో ఒప్పుకోవడం దర్యాప్తుకు భంగకరమని తోచింది. చివరికి సోలతో బియ్యం ముంచబోయిన సైదమ్మకు అది తగిలింది.

"సారూ, గిదేం డిటెక్టివ్‌తనం? దొరికింది దాసిపెట్టుడా?"

అయినా టీ ఇచ్చింది. చక్కెర తక్కువైంది, న్యాయమే.

మూడో రోజు నాకు అసలు దారి దొరికింది. సెలవు పెట్టి కిటికీ దగ్గర కాపు వేశాను. భద్రు ఆటో వచ్చింది. భద్రు పక్క తండా మనిషి. మిరప బస్తాలు తెచ్చేదీ, తీసుకుపోయేదీ అతనే. బస్తాను వీపు మీదికి ఎత్తుకుని వచ్చి, భాను బల్ల పక్కనే ధబ్బున దించాడు. ఎర్రటి పొగలా దుమ్ము లేచింది. ఫ్యాను మోత మొదలైంది. భాను తుమ్మింది. ఆగిపోయింది.

మర్నాడు మళ్ళీ చూశాను. బస్తా, దుమ్ము, మోత, తుమ్ము, చీకటి. భద్రు రాని పూట ల్యాప్‌టాప్ కాస్త ఎక్కువ సేపు బతికింది. ఇంత స్పష్టమైన గొలుసు ఏ నేరస్థుడూ తన వెనక వదిలిపెట్టడు. ఈ గొలుసులో దుమ్ము అనే లంకె కూడా ఒకటుందని ఏ ఐదో తరగతి పిల్లాడైనా గమనించేవాడు. కాని దుమ్ముకు అంతరంగం లేదు. అంతరంగం లేనివాటి మీద నాకు మొదట్నుంచీ ఆసక్తి లేదు.

మరి భద్రు ఎందుకు చేస్తున్నాడు? రోజూ పొద్దున్నే భానును స్టేషన్ దగ్గర దింపేది అతని ఆటోనే. ఆమె ఇంటి పట్టునే పని చేసుకుంటే ఆ బేరం పోతుంది. కారణం దొరికింది! ఆ ఆనందంలో నా గదిలో నేనే అటూ ఇటూ పచార్లు చేసి, అద్దంలో నాకు నేనే అభినందనలు చెప్పుకున్నాను.

శనివారం పొద్దున భాను ల్యాప్‌టాప్‌ను టవల్లో చుట్టి సంచిలో పెడుతూ కనిపించింది.

"ఎక్కడికి?"

"భద్రన్న ఖమ్మం పోతాండట అంకుల్. రిపేర్ షాపుల చూపిచ్చుకోని వస్త. లోపట తెరిసి చూస్తె తెలుస్తది గదా."

నా కడుపులో ఏదో జారింది. అది ఏమిటో ఆ క్షణంలో ఆగి చూసుకుని ఉంటే ఈ కథ అక్కడే అయిపోయేది. చూసుకోలేదు. "సాక్ష్యాన్ని తీసుకెళ్ళి ముద్దాయి చేతిలో పెడతావా?" అన్నాను.

"ముద్దాయెవరు?"

"ఇప్పుడే చెప్పకూడదు. రేపు మధ్యాహ్నం, అందరి ముందూ చెప్తాను."

"ఎల్లుండి పరీక్ష అంకుల్. రేపు ఆదివారం, షాపులుండయి."

"నా మీద నమ్మకం లేదా?"

భాను నా వైపు చూసింది. పెద్దవాళ్ళ ముందు కాదనలేని పిల్ల. "ఉంది," అని, సంచిలోంచి టవలు మూటను బయటికి తీసింది. ఆ 'ఉంది' చాలా చిన్న మాట. రాత్రంతా నా తలగడ కింద రాయిలా ఉండిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ముందుగదిలో సభ తీర్చాను. బస్తాల మధ్య సైదమ్మ, బల్ల దగ్గర భాను, గడప మీద భద్రు. నేను ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. లుంగీ మార్చుకోవడం మరిచిపోయాను.

"మనందరికీ తెలిసినట్టు, ఈ గదిలో ఒక నేరస్థుడు ఉన్నాడు," అని మొదలుపెట్టాను.

"నాకైతె తెల్వది," అంది సైదమ్మ. "తొడిమలు తీసుకుంట వినొచ్చా సారూ? రేపటికి గీ బస్తా ఒడవాలె."

"తీసుకోవచ్చు. నేరస్థుడు మామూలువాడు కాదు. తన చేతులకు మట్టి అంటకుండా..."

"జల్దీ చెప్పు సార్," అన్నాడు భద్రు. "ఆటో ఎండలున్నది, సీటు కాలుతది."

నేను గిరుక్కున తిరిగి వేలు చూపించాను. "భద్రూ! నువ్వే!"

భద్రు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకో భద్రు ఎవరైనా ఉన్నాడేమోనని. "నేనేం జేసిన?"

"ఈ యంత్రాన్ని ఆపుతున్నది నువ్వే. భాను ఇల్లు కదలకపోతే నీ బేరం పోతుంది. అందుకని బస్తా దించి, తుమ్ము రప్పించి, ఆమె భవిష్యత్తును..."

"నేను దాన్ని ముట్టనే ముట్టలే సార్!"

"అదే నీ తెలివి. పైకి నీకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. నీకు తెలియకుండానే నీ లోపలి మనసు ఈ నేరం చేస్తోంది."

భద్రు తల గోక్కున్నాడు. "సార్, నాకు తెల్వకుండ ఎవడో జేస్తాండంటే, వాన్ని పట్టుకో. నన్నెందుకంటవ్?"

సైదమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నా శాస్త్రాన్ని ఇంతవరకు ఏ ప్రొఫెసరూ ఆ ప్రశ్న అడగలేదు. తడబాటును దగ్గుతో కప్పిపుచ్చి, చివరి అస్త్రం తీశాను: నేరాన్ని తిరిగి జరిపించి చూడటం.

"భానూ, యంత్రం నడిపించు. భద్రూ, రోజూ చేసినట్టే బస్తా ఎత్తుకొచ్చి, అక్కడే దించు. నేను పక్కనే నిలబడి నీ మొహంలో మార్పులు గమనిస్తాను."

"నా మొహం ముంగట బస్తా ఉంటది సార్, కనవడది."

"దించు!"

భద్రు దించాడు. కోపం వచ్చినట్టుంది, రోజూ కంటే గట్టిగానే దించాడు. బస్తా మూతి కట్టు ఊడింది. ఎర్రటి మేఘం లేచి నేరుగా నా ముఖం మీదికి వచ్చింది. పరిశోధకుడు కళ్ళు మూయకూడదు, మూయలేదు. ముక్కు మూసుకోవాలని మాత్రం ఏ నియమమూ లేదు గనుక అదీ మూయలేదు. పాదాల దగ్గర మొదలైందేదో నడుం మీదుగా పైకి పాకి, తలలో ఒక్క క్షణం ఆగి, బద్దలైంది.

అలాంటి తుమ్ము కారేపల్లిలో ఎవరూ విని ఉండరు. వాకిట్లోని కోళ్ళు ఎగిరాయి. నేను ముందుకు తూలాను, లుంగీ కాలికి చుట్టుకుంది, బల్ల మీద పడ్డాను, బల్ల ఒరిగింది, ల్యాప్‌టాప్ జారి గచ్చు మీద బోర్లా పడింది. దాని అడుగు మూత టప్పున ఊడి, బస్తాల దాకా దొర్లిపోయింది.

భాను రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నేల మీదే ఉన్నాను. లేవడానికి తగిన మొహం కోసం వెతుకుతున్నాను.

"సచ్చిందా?" అంది సైదమ్మ మెల్లగా.

భాను దాని పక్కన కూలబడి లోపలికి చూసింది. చూసి, రెండు వేళ్ళతో ఏదో పట్టుకుని లాగింది. ఫ్యాను మీద నుంచి, గాలి బయటికి పోయే సందులో నుంచి, దట్టంగా అల్లిన కంబళి ముక్క లాంటిది ఊడి వచ్చింది. ఎర్రగా ఉంది. మిరప దుమ్ము, తొడిమల పొట్టు, తల వెంట్రుకలు, దారం పోగులు. అన్నీ కలిసి ఒక్క ముద్దగా పేరుకున్నాయి.

"అమ్మా, ఇగో! గాలాడే జాగ మొత్తం మూసుకపోయింది! లోపట ఊపిరాడక కాలుతాంది, కాలి ఆగిపోతాంది!"

"మరి నీళ్లు తాగితె ఎందుకు నడిసింది?"

"నువ్వు నీళ్లు తాగుమని కూసోవెడితివి గదనే. గంతల సల్లారింది!"

"తుమ్ము?"

"ఫ్యాను తిరిగినప్పుడల్ల గీ మిరప గాలి నా మొహానికే కొట్టింది, ఇంకేమైతది!"

నేను నేల మీద నుంచే విన్నాను. బస్తా, దుమ్ము, మోత, తుమ్ము, చీకటి. నా గొలుసు అక్షరాలా నిజమే. అందులో నేరస్థుడు ఒక్కడే తక్కువ.

భాను పాత టూత్‌బ్రష్షు తెచ్చి రెక్కరెక్కా తుడిచింది. భద్రు టార్చి పట్టాడు. తర్వాత మీట నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. ఏమీ కాలేదు. అప్పటిదాకా ఆ యంత్రం నాకొక కేసు. ఇప్పుడు నాకు కనిపించినవి బకెట్టులోని పాదాలు.

"లేసి నీళ్లు తాగు," అంది సైదమ్మ.

"అమ్మా!"

"తాగవే, నీదేం పోతది?"

భాను కోపంగా లేచి నీళ్ళు తాగింది. భద్రు కింద పడ్డప్పుడు సగం ఊడిన బ్యాటరీని అరచేత్తో అదిమాడు. మీట నొక్కితే వెలిగింది. ఎవరి వల్ల వెలిగిందన్నదాని మీద సైదమ్మకూ భద్రుకూ ఇప్పటికీ వాదన తెగలేదు. ఫ్యాను మోత లేదు. భాను దానిలో పాత సినిమా ఒకటి పెట్టింది. సినిమా మొత్తం ఆడినా అది ఆగలేదు. ఆలోపు సైదమ్మ సందులోకి వెళ్ళి చాటేసింది: "మా చందర్ సారు మస్తు తెలివిమంతుడు! ఒక్క తుమ్ముతోని బాగు జేసిండు!"

నాకు మెప్పు దక్కింది. డిటెక్టివులకు మెప్పు చాలు. కానీ భద్రు వెళ్ళబోతూ నా దగ్గర ఆగాడు. అతని మొహంలో కోపం లేదు. అదే ఇబ్బందిగా ఉంది.

"ఒక మాటడుగుత సార్. నిన్న ఖమ్మం తీస్కపోతె షాపోడు మూత ఇప్పి చూస్తుండె. గిదే కనవడుతుండె. నువ్వెందుకు వద్దన్నవ్?"

"అది... దర్యాప్తులో..."

"ఊకెనే అడిగిన," అని వెళ్ళిపోయాడు.

నా గదిలోకి వచ్చి తలుపు వేసుకున్నాను. ఏ పరిశోధకుడైనా మొట్టమొదట వేసుకోవలసిన ప్రశ్నను, అన్నీ అయిపోయాక వేసుకున్నాను: ఈ నేరం వల్ల లాభం ఎవరికి? ల్యాప్‌టాప్ చెడితే భానుకు నష్టం. సైదమ్మకు నష్టం. భద్రుకు ఒక సీటు బేరం మిగలడం తప్ప వేరే ఏం లేదు; అతను స్వయంగా దాన్ని షాపుకు తీసుకుపోతానన్నాడు. మరి రోజూ సాయంత్రం ఒక ఇంట్లో కుర్చీ వేయించుకున్నది ఎవరు? గ్లాసులో టీ పోయించుకున్నది ఎవరు? 'రా సారూ' అనిపించుకున్నది ఎవరు? కేసు తేలితే ఇవన్నీ పోతాయని, ఆ పిల్ల సంచి సర్దుకుంటుంటే కడుపులో జారిపోయింది ఎవరికి? పైకి నాకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు. నాకు తెలియకుండానే ఎవడో చేస్తున్నాడు. వాణ్ణి పట్టుకోమన్నాడు భద్రు. పట్టుకున్నాను. నిజాయితీగా చెప్పాలంటే, నా వృత్తి జీవితంలో నేను స్వయంగా పట్టుకున్న మొదటి నేరస్థుడు వీడే. మనిషి చూడటానికి అంత ప్రమాదకరంగా లేడు. ఇస్త్రీ చొక్కా మీద మిరప దుమ్ముతో, కాస్త దీనంగా ఉన్నాడు.

సోమవారం నేను ఆఫీసుకు వెళ్ళలేదు. పొద్దున్నే భద్రు వచ్చి, బస్తాలన్నీ సందు చివరి రేకుల షెడ్డు కిందికి చేర్చాడు. నేను సాయం చేయబోతే, "నువ్వొద్దు సార్, తుమ్ముతవ్," అన్నాడు. భాను గది కడిగింది. గాలి ఆడేలా ల్యాప్‌టాప్‌ను రెండు బోర్లించిన స్టీలు గిన్నెల మీద నిలబెట్టింది. అడుగు మూత మళ్ళీ పట్టలేదు, అలాగే వదిలేసింది. గదిలో ఇంకెవరూ ఉండకూడదని రూలు. తలుపు మూసింది.

నేను నా గదిలో గోడకు చెవి ఆనించి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ ఆ గోడ మీదుగా శబ్దాలు దొంగిలించాను. ఈసారి నాకు కావలసింది ఏ శబ్దమూ వినిపించకపోవడం. మీటల టకటక. నిశ్శబ్దం. మళ్ళీ టకటక. ఒక చోట అది చాలాసేపు ఆగింది. నా చెమట గోడకు అంటుకుంది. ఆగిపోయిందా? ఆలోచిస్తోందా? మనసుల గురించి ఇన్ని పుస్తకాలు చదివాను, జానెడు గోడ అవతల ఒక పిల్ల ఆలోచిస్తోందో ఏడుస్తోందో చెప్పలేకపోయాను. టకటక మళ్ళీ మొదలైంది.

చివరికి తలుపు భళ్ళున తెరుచుకుంది.

"అమ్మా! అయిపోయింది! ఆగలే! ఒక్కసారి గూడ ఆగలే! పాసని అక్కడ్నే చూపిచ్చింది!"

షెడ్డు దాకా పరుగెత్తే చప్పుడు, సైదమ్మ ఏడుపో నవ్వో తెలియని గొంతు, భద్రు ఆటో హారను. కాసేపటికి అందరూ లోపలికి వచ్చారు. గిన్నెలు కదిలాయి. స్టవ్ వెలిగింది. అల్లం దంచుతున్న వాసన గోడ మీదుగా వచ్చింది. కుర్చీ జరిపారు, ఎవరి కోసమో తెలియదు. నన్నెవరూ పిలవలేదు. ఎందుకు పిలుస్తారు? కేసు మూసేశాం.

మంచం మీద కూర్చున్నాను. నా బుర్ర వెంటనే పనిలోకి దిగింది. ఊడిన అడుగు మూతను పరిశీలించాలని వెళ్ళవచ్చు. మిగతా రెక్కల్లో దుమ్ము మిగిలిందేమో చూడాలని వెళ్ళవచ్చు. నా చెప్పుల జత ఒకటి కనిపించడం లేదని, ఆ సందులో దొంగ తిరుగుతున్నాడని కూడా చెప్పవచ్చు. చెప్పులు మంచం కిందే ఉన్నాయి, కాలితో ఇంకాస్త లోపలికి తోస్తే సరిపోతుంది. కాలు చాచాను కూడా. చాచి, కాసేపు దాని వైపు చూసి, వెనక్కి తీసుకున్నాను. ఆ గదిలో భద్రు ఉన్నాడు. నన్ను చూసి ఏమంటాడో తెలియదు. ఏమీ అనకపోతే అదింకా కష్టం.

లేచాను. చెప్పులు తొడుక్కున్నాను. వసారా దాటి వెళ్ళి, ఆ తలుపు తట్టాను.

"ఎవరూ?" అంది సైదమ్మ లోపలి నుంచి. "సారువా? మళ్ల ఏమన్న కేసా?"

"కేసేం లేదు," అన్నాను. "ఊకెనే వచ్చిన."